కుండీలో పొత్తు

కదిరి నుంచి మదనపల్లె రోడ్డున తనకల్లు మీదుగా వానాకాలంలో పోయేవాళ్లకు చెనక్కాయ చేలల్లో ఒక లెక్క కనబడుతుంది. ఏడు సాళ్లు చెనక్కాయ, ఒక సాలు కంది. కొన్ని చేలల్లో పదకొండుకు ఒకటి, ఇంకొన్నింట్లో పదిహేనుకు ఒకటి. గడి దాటి కర్ణాటకలోకి పోతే ఈ పద్ధతికి కన్నడంలో ‘అక్కడి సాలు’ అని పేరు. ఈ పొత్తు కుదరడానికి కారణం రెండు పైర్లకూ పోలికే లేకపోవడం. కదిరి-6 లాంటి గుత్తి రకం చెనక్కాయ నాలుగు నెలల లోపే పీకుడుకొస్తుంది, కంది ఐదారు నెలలు చేనులో నిలబడుతుంది. చెనక్కాయ వేరు ఎక్కువగా పైమట్టిలో తిరుగుతుంది, కంది తల్లివేరు లోతుకు దిగుతుంది. ఆగస్టులో బెట్ట పట్టి చెనక్కాయ ఊడలు దిగకుండా పోయినా, ఆ తర్వాత రెండు పదున్ల వాన పడితే కంది గట్టెక్కుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదంతా కలిపి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. ఆ కాస్త తడిని రెండు పైర్లు పంచుకోగలుగుతున్నాయంటే, వాటికి వేర్వేరు లోతుల్లో, వేర్వేరు నెలల్లో దాహం వేస్తుంది గనుకే.

ఈ పాఠాన్ని ఉన్నదున్నట్టు మిద్దె మీది పూలకుండీకి తెచ్చి పెడితే మాత్రం మొక్కలు చస్తాయి. ఒకే పింగాణీ గిన్నెలో మూడు నాలుగు జాతుల ఆర్కిడ్లు కలిపి, పైన పచ్చటి నాచు పరిచి, రిబ్బను కట్టి కానుకగా ఇవ్వడం ఇప్పుడు పట్నాల్లో మామూలైంది. చూడముచ్చటగానే ఉంటుంది. అమ్మేవాళ్లు వాటిని జత చేసింది పూల రంగు చూసి, దాహం చూసి కాదు. చేనుకు లోతుంది, కాలముంది, తడి పొరలు పొరలుగా నిలుస్తుంది. కుండీకి ఉన్నది జానెడు లోతు, నీళ్లు పోసేది ఒకే చెంబు. ఆ చెంబు వంగితే అందరికీ ఒకేసారి తడి, వంగకపోతే అందరికీ ఒకేసారి ఎండు. అందుకే చేనులో పొత్తును తేడా నిలబెడితే, కుండీలో పోలిక నిలబెడుతుంది. ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను: ఆ పోలిక ఒక్కటి కుదిరితే, తనకల్లు లాంటి ఎండు గాలి ఊళ్లో ఆర్కిడ్లను విడివిడిగా పెంచడం కన్నా కలిపి పెంచడమే మేలు.

కలిపితే మేలెందుకో ముందు చూద్దాం. మనం కుండీలో పెంచే ఆర్కిడ్లలో చాలావాటికి మట్టి అక్కర్లేదు. అడవిలో చెట్టు కొమ్మ పట్టుకొని బతికే జాతులవి. వాటి వేరు చుట్టూ చచ్చిన కణాల మెత్తటి పొర ఒకటి ఉంటుంది, వాన చినుకు తగలగానే స్పాంజిలా పీల్చుకుంటుంది. ఎండితే వెండిలా తెల్లగా, తడిస్తే ఆకుపచ్చగా కనబడేది ఆ పొరే. కుండీలో వేసేది కూడా బొగ్గు, పెంకు ముక్కలు, కొబ్బరి డొక్క. బెత్తెడు కుండీలో ఈ సరుకు తక్కువ, గాలి తగిలే పైభాగం ఎక్కువ. మట్టి కుండీ అయితే గోడల నుంచి కూడా తడి ఆవిరైపోతుంది. జూన్, జూలైల్లో మన మెట్ట మీద వీచే గాలికి పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి జాడ ఉండవు. మూడు చిన్న కుండీల మొక్కలను ఒక వెడల్పాటి కుండీలోకి మారిస్తే, సరుకు పెరిగినంతగా గాలి తగిలే పైభాగం పెరగదు. తడి నిదానంగా ఆరుతుంది. పక్కపక్కన ఆకులుంటే వాటి మధ్య గాలి కూడా కాస్త చెమ్మగా నిలుస్తుంది. కడియం నర్సరీల వాళ్లకు ఈ వాదన అనవసరం. గోదావరి గాలిలోనే చెమ్మ ఉంటుంది, అక్కడ కుండీకి ఒక్క మొక్కే సబబు. తోటపని పుస్తకాలు ఎక్కువగా అలాంటి తడి సీమలను చూసి రాసినవే. దగ్గర్లోని నంబులపూలకుంటలో సోలార్ పలకలు పరిచి ఎండను కరెంటుగా అమ్ముతున్నారు. అలాంటి చోట మొక్కలు పెంచేవాళ్లు ఆ పుస్తకాలను కొంచెం అనుమానంగానే చదవాలి.

ఇక పోలిక సంగతి. నర్సరీల్లో తరచూ కనిపించే రెండింటినే తీసుకోండి: ఫలినాప్సిస్, డెండ్రోబియం నోబిలే. ఫలినాప్సిస్‌కు నీళ్లు దాచుకునే ఉబ్బిన కాండం లేదు, ఉన్నదంతా ఆకుల్లో, వేళ్లలోనే. ఏ కాలంలోనూ దాన్ని పూర్తిగా ఎండబెట్టకూడదు. నోబిలేకు చెరకు గడల్లాంటి కాండాలుంటాయి. చలికాలంలో దానికి నీళ్లు బాగా తగ్గించి, రాత్రి చలి తగలనిస్తేనే కణుపుల దగ్గర మొగ్గ కడుతుంది. తగ్గించకపోతే మొగ్గ రావలసిన చోట పిలకలు లేస్తాయి. ఈ రెండూ ఒక గిన్నెలో ఉంటే డిసెంబరులో మీరేం చేస్తారు? నీళ్లు పోస్తే నోబిలే పూయదు, మానితే ఫలినాప్సిస్ వాడుతుంది. మధ్యేమార్గంగా కొంచెం కొంచెం పోస్తే రెండూ చెడతాయి. వాండాది ఇంకో దారి. అది కుండీనే ఒప్పదు. చెక్క బుట్టలో వేలాడుతూ, వేళ్లు గాలికి వదిలి, రోజూ తడుపు కోరుతుంది. ఒకే కుటుంబం కదా అని వీటిని ఒక గిన్నెలో సర్దడం, వంకాయ, పొగాకు ఒకే కుటుంబం కదా అని ఒకే మడిలో పెంచడం లాంటిది.

పొత్తు కుండీ కొత్త ఆలోచనేమీ కాదు. ఆర్కిడ్ గింజ దుమ్ము లాంటిది, లోపల నిల్వ తిండి ఉండదు. అడవిలో ఒక రకం బూజు సాయం లేనిదే మొలకెత్తదు. 1922లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ నడ్సన్, ఆ బూజు లేకుండానే చక్కెర కలిపిన మాధ్యమం మీద గింజలను మొలిపించవచ్చని చూపాడు. సీసాల్లో మొలక పెంపకానికి అదే పునాది. సీసాలోంచి తీసిన నారును మాత్రం ఒక్కొక్కదాన్ని ఒక్కో కుండీలో పెట్టరు. పాతిక దాకా కలిపి ఒకే కుండీలో గుంపుగా నాటుతారు. విడిగా పెడితే ఆ లేత వేళ్లు ఎండి చస్తాయి, గుంపులో ఒకదాని చెమ్మ ఇంకొకదాన్ని కాస్తుంది. ఆ గుంపులోవి ఒకే కాయ గింజలు, ఒకే వయసువి. పెరిగి ఒకదాన్నొకటి తోసుకునే నాటికి విడదీస్తారు కూడా. అంటే ఆర్కిడ్లు పెంచే వృత్తివాళ్లు రెండు షరతులను ఎప్పటినుంచో పాటిస్తున్నారు: పోలిక ఉండాలి, పొత్తుకు గడువు ఉండాలి.

అడవిలో ఒకే మాను మీద నాలుగు రకాలు బతకడం లేదా అని అడిగేవాళ్లున్నారు. బతుకుతున్నాయి. మన మామిడి మాన్ల మీద, చింత మాన్ల మీద కనిపించే వాండా టెస్సలేటానే చూడండి. 1795లో కోరమండల్ తీరపు మొక్కల మీద వెలువడిన గ్రంథంలో విలియం రాక్స్‌బర్గ్ దీన్ని వర్ణించాడు. సామర్లకోటలో తోట పెంచిన మనిషే ఆయన. వాండా అన్న పేరు కూడా సంస్కృతం నుంచి పోయిందే. మనవాళ్లు మాను మీద మొలిచినదాన్నల్లా బదనిక అనేస్తారు గానీ, అసలు బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది. వాండాకు మాను ఒట్టి నిలబడే చోటు. ఆ మాను కుండీ లాంటిది కాదన్నదే ఇక్కడ అసలు మాట. వాన నీరు బెరడు మీద నిలవదు. నీడ కావలసింది కింది కొమ్మన, ఎండ కావలసింది పైకొమ్మన, తడి కావలసింది తొర్ర పక్కన చేరుతుంది. మాను మీద దాహాన్ని బట్టి ఎవరి చోటు వారిదే. పైగా మనకు కనిపించేవి నిలిచినవి మాత్రమే, నిలవక రాలిపోయినవాటి లెక్క ఎవరి దగ్గరుంది?

రోగం మాట ఎత్తేవాళ్ల అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. సింబిడియం మొజాయిక్ లాంటి వైరస్ ఒక మొక్కకు సోకితే మందు లేదు. రసం అంటిన కత్తెరతోనే పక్కదానికి పాకుతుంది. ఒకే కుండీలో వేళ్లు పెనవేసుకున్నాక రోగి మొక్కను గాయం చేయకుండా విడదీయడం కుదరదు. ఈ మాట నిజం, దీనికి పూర్తి జవాబు లేదు. ఒకే చోట, ఒకే తరి నారు కొనడం, కత్తెరను ప్రతి కోతకూ మంట మీద కాల్చడం, మూడుకు మించి కలపకపోవడం ముప్పును తగ్గిస్తాయి, తీసేయవు. ఖరీదైన మొక్కో, మళ్లీ దొరకని మొక్కో ఉన్నవాళ్లు దాన్ని పొత్తుకు పెట్టకండి. పెద్ద కుండీలో నడిమి సరుకు ఆరక వేరు కుళ్లుతుందనే మాట కూడా ఉంది గానీ, అది తేలిగ్గా తీరేదే. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ ఉన్న కుండీ తీసుకొని, నడుమ ఒక చిన్న మట్టి కుండీని బోర్లించి, దాని చుట్టూ మొక్కలు పెడితే సరిపోతుంది.

ఎవరిని ఎవరితో కలపాలో తెలుసుకోవడానికి పుస్తకం కన్నా మొక్క వేళ్లే నమ్మకమైన సాక్షి. ఒకే కొలత కుండీల్లో, ఒకే సరుకులో, ఒకే చోట పక్కపక్కన పెట్టి ఒకే వేళకు తడపండి. రెండింటి వేళ్లూ ఒకే రోజు తెల్లబడుతుంటే కలపండి. ఒకటి రెండో రోజుకే తెల్లబడి, ఇంకొకటి నాలుగో రోజుకూ పచ్చగా ఉంటే విడిగానే ఉంచండి. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూడాలి, నోబిలే లాంటివి బయటపడేది చలికాలంలోనే. చెట్టు మీది వాండాను మాత్రం ఈ పరీక్షకు పీక్కురావద్దు. నీళ్ల విషయంలోనూ ఒక మాట. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, నాలుగు నెలల్లో పెంకు ముక్కల మీద తెల్లటి పక్కు కట్టి వేరు మొనలు మాడతాయి. చేలల్లో గొర్రు కట్టే తొలి వాన పడిన రోజున మిద్దె మీది నీళ్లను ఒక డ్రమ్ముకు పట్టుకోండి, మూడు మొక్కల కుండీకి అది చాలా వారాలు వస్తుంది.