ఫిన్లాండు ఉమ్మడి పాఠశాల: మిగిలిన జల్లెడ

ఫిన్లాండులో పూర్వము నాలుగేండ్ల ప్రాథమిక విద్య కాగానే, పదునొకండవ యేట, కొందరు పిల్లలు ఉన్నత పాఠశాలకు పోగా తక్కినవారు వెనుకనే నిలిచిపోయెడివారు. 1968 నాటి చట్టము ఈ చీలికను రద్దుచేసి, అందరికిని తొమ్మిదేండ్ల ఉమ్మడి పాఠశాలను ఏర్పరచినది. 1972లో మారుమూల లాప్‌లాండున ఆరంభించి, 1977కు హెల్సింకి ప్రాంతమును చేర్చిన ఆ క్రమము మెచ్చదగినదే.

కాని గణితమునందును, విదేశీ భాషలయందును విద్యార్థులను స్థాయిలవారీగా విడదీయుట మానలేదు. కింది స్థాయి గణితము చదివినవానికి పైచదువు దారి మూసికొనెడిది. గుమ్మముకడ నున్న జల్లెడ తరగతిగదిలోనికి వచ్చినదన్నమాట! అన్ని స్థాయిల పిల్లలకు ఒక్కచోట లెక్కలు చెప్పగల ఉపాధ్యాయుడు ముందుగా కావలసియుండెను. ఆయనకు మాస్టర్స్ పట్టము విధించినది 1979లో. జల్లెడ తొలగినది 1985లో. ఈ నడుమ కింది స్థాయిలో కూర్చున్న బాలుని సంగతి, సంస్కరణను పొగడువారు ఎత్తరు.