రగ్గు ఎక్కడ పెట్టాలి?

సోమవారం పొద్దున్నే మా చర్చి వాట్సాప్ గ్రూపు నిండా ఫోటోలు. ఆదివారం రాత్రి మా యూత్ వాళ్ళు సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల రగ్గులు పంచారు. ఒక్క రగ్గుకి ఐదారు చేతులు. అవతల ఒక పెద్దాయన, ఫ్లాష్ వెలుగుకి కళ్ళు చికిలించుకుని. రగ్గుకి ప్లాస్టిక్ కవరైనా తియ్యలేదు. కింద వరసగా ఆమెన్‌లు. ఈ కాలమ్ చదివేవాళ్ళకి దానాల ఫోటోల మీద నా గోల కొత్త కాదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి ఆరో అధ్యాయం మీద ఏటా ప్రసంగం వింటాం. ఆ రెండూ ఖాళీ లేనప్పుడు సెల్‌ఫోన్ పట్టుకోవడానికి ఇంకొకణ్ణి పెట్టుకుంటాం.

ఇలాంటప్పుడు నాకు కెనడా శిల్పి తిమోతీ ష్మాల్జ్ గుర్తొస్తాడు. టొరంటో వీధిలో పడుకున్న ఇల్లులేని మనిషిని చూశాక ఆయన ఒక కంచు విగ్రహం చేశాడు. పార్కు బెంచీ మీద ఒకాయన దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటాడు. ముఖం కనిపించదు. దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదాల మీద మేకుల గాయాలు చూస్తేనే యేసని తెలుస్తుంది. టొరంటోలో ఒకటి, న్యూయార్క్‌లో ఒకటి, రెండు పెద్ద కెథడ్రల్స్ వద్దన్నాయి. 2013లో టొరంటోలోని రీజిస్ కాలేజీ తీసుకుంది. నార్త్ కరోలినాలోని డేవిడ్‌సన్‌లో ఒక చర్చి ముందు పెడితే, నిజం మనిషే పడుకున్నాడనుకుని ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఈ కథ చెప్పి అందరూ అమెరికా వాళ్ళని వెక్కిరిస్తారు. మన చర్చి గేటు ముందు పడుకుంటే పోలీసులదాకా ఎందుకు, వాచ్‌మన్ చాలు. నాకు ఆ విగ్రహంలో నచ్చింది వేరే. పాదాల దగ్గర ఒక మనిషి కూచునేంత చోటు వదిలాడు శిల్పి.

ముఖం దాచడమెలాగో ఆయన్ని చూసి నేర్చుకోండిరా అని నాలుగు చివాట్లు పెడదామని మా మేనల్లుడికి ఫోన్ చేశాను. యూత్ లీడరు వాడే.

"ఆ పెద్దాయన్ని కలుద్దువుగాని, రా మావయ్యా" అన్నాడు.

ఇద్దరం వెళ్ళాం. మా వాడు వెళ్ళీ వెళ్ళగానే పెద్దాయన పక్కన చతికిలబడ్డాడు. నా మోకాళ్ళు ఒప్పుకోక నేను నిలబడే ఉన్నాను. పెద్దాయన పాలమూరు వైపు మనిషి, సెంట్రింగ్ పని. తెల్లారేసరికి అడ్డా మీద ఉండాలి కాబట్టి ఈ చుట్టుపక్కలే పడుకుంటాడు. ఫోటో సంగతెత్తాను.

"తియ్యమన్నది నేనే సార్. మా అక్కకి పంపియ్యమన్న. బతికున్ననని తెల్వాలె గద."

అక్కకి పంపింది గ్రూపులో వచ్చిన ఫోటో కాదు. మా వాడి ఫోన్‌లో చూశాను. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా పై గుండీ కూడా పెట్టుకున్నాడు. వెనక గోడ తప్ప ఏమీ పడలేదు. రగ్గు పడకూడదన్నాడట. ఇన్నేళ్ళ నా ఫోటోల వాదానికి ఆ పై గుండీ దగ్గర జవాబు లేదు.

మరి రగ్గేదీ అన్నాను.

"చలికాలం శానమంది ఇస్తరు సార్. పొద్దుగాల పనికి పోతే యాడ వెట్టాలె? మల్లొచ్చేసరికి చెత్తబండిల పోతది."

ప్రస్తుతానికి టీకొట్టు వెనక, ఓనరు దయ మీద ఉందట.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లులేనివాళ్ళు 17.7 లక్షలు. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకి కనీసం వంద మందికి సరిపడే షెల్టరుండాలని కేంద్ర పథకమే చెప్పింది. ఆ లెక్క పట్టుకుని సర్కారుని తిట్టడం నాకిష్టమైన పనే. ఈసారి మాత్రం మా చర్చి వెనక సండే స్కూలు గది గుర్తొచ్చి ఊరుకున్నాను. వారంలో ఆరు రోజులు తాళం. గోడ పొడుగునా ఇనుప బీరువాలు. వాటిలో క్రిస్మస్ నాటకం తాలూకు అట్ట కిరీటాలు, గొర్రెల కాపరుల కంబళ్ళు.

పొద్దున ఆరింటికి గది తీసి రగ్గులు, సంచులు పెట్టుకోనిద్దాం, సాయంత్రం పట్టుకెళ్తారని కమిటీలో అన్నాను. రగ్గులు కొనడానికి మారుమాట లేకుండా డబ్బు మంజూరు చేసిన కమిటీయే ఇది. నల్లులొస్తాయన్నారొకరు. ఎవరి సంచైనా పోతే పూచీ ఎవరిదన్నారు ట్రెజరర్ గారు. న్యాయమైన ప్రశ్నే, చీటీ రాసిద్దామన్నాను. మంచి ఆలోచనేనన్నారు పాస్టర్ గారు. ఇక రోజూ ఆరింటికొచ్చి తాళం తీసేదెవరన్న దగ్గర అందరూ ఆగిపోయారు.

"మావయ్యకి నాలుగింటి తర్వాత నిద్ర పట్టదు. కాలమ్‌లో రాస్తూనే ఉంటాడుగా" అన్నాడు మేనల్లుడు.