ఉజ్జీవం కోసం ప్రార్థన: మోకాళ్ళు ఎవరివి, చరిత్ర ఎవరిది?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల దళిత పల్లెల్లో "ఉజ్జీవం" అన్న మాట కొత్తగా చెప్పాల్సింది కాదు. ఉజ్జీవ కూటాలు, ఉపవాస ప్రార్థనలు, తెల్లవార్లూ సాగే ప్రార్థనలు ఇక్కడి బతుకులో భాగం. ఒకప్పుడు వచ్చింది, ప్రార్థిస్తే మళ్ళీ వస్తుంది అన్నది వీటి వెనక ఉన్న ఆశ. ఈ ఆశను మన ఉద్యమాలు రెండు రకాలుగా దాటేస్తూ వచ్చాయి. కొందరు మత్తుమందు అని తీసిపారేశారు. కొందరు అది పాస్టర్ల వ్యవహారం, మనకెందుకులే అన్నారు. రెండూ సరికావని మా అభిప్రాయం. పగలంతా కూలికి పోయి రాత్రికి మోకాళ్ళేసే ఆడవాళ్ళు అడుగుతున్నదేమిటి? ఆ అడగడానికి ఆధారమైన కథను రాసిందెవరు? ఈ రెండు ప్రశ్నలూ వేసుకోకుండా వాళ్ళతో మనం మాట్లాడలేం.

కొండ మీద కథ

ఉజ్జీవం గురించి ఈ ప్రాంతంలో చెప్పుకునే కథలన్నిటికీ మూలం ఒంగోలు ప్రార్థనా కొండ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మిషన్‌ను మూసేద్దామన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. 1853లో అలాంటి చర్చ సాగినప్పుడే దీనికి "ఒంటరి నక్షత్రం" అన్న పేరు పడింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనే ఐదుగురు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ప్రార్థించారు, కనిపెట్టారు, దేవుడు పంపాడు. 1893లో వచ్చిన డేవిడ్ డౌనీ మిషన్ చరిత్ర మొదలుకొని ఇవాళ్టి ఉజ్జీవ ప్రసంగాల దాకా కథ అచ్చు ఇదే. ఇందులో అబద్ధం లేదు. కాని ఖాళీలున్నాయి. కొండెక్కిన ఐదుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళు. కథలో వాళ్ళు దొర పక్కన నిలబడ్డ పేర్లుగా మిగిలారే తప్ప, వాళ్ళు ఏ మాటలతో ప్రార్థించారో మనకు అందలేదు. 1854కూ 1878కీ మధ్య 24 ఏళ్ళున్నాయి. ఆ 24 ఏళ్ళలో ఊరూరా నడిచిన కాళ్ళెవరివి?

మిషన్ రాసిపెట్టిన పుస్తకాల్లోనే దీనికి జవాబు దొరుకుతుంది. వెల్లంపల్లి దగ్గర క్లౌ బాప్తిస్మాలివ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మార్చి మార్చి, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నీళ్ళలో నిలబడి ఇచ్చారు. ఆ రోజుకు "క్లౌ దొర బాప్తిస్మాలు" అన్న పేరు ఎలా వచ్చిందో ఆలోచించండి.

యోగి పేరయ్య

కనిగిరి తాలూకా తాళ్ళకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలుకు పడమట మాదిగపల్లెల్లో ఈ ఉద్యమానికి దారి వేసింది ఆయనే. కనిగిరికి దక్షిణాన ఆనుకొని ఉన్నదే ఉదయగిరి. ఈ తాలూకాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా ఒకే నెల్లూరు జిల్లాలో ఉండేవి. పేరయ్య క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో సాధన చేసినవాడు, గురువుల దగ్గర కూర్చున్నవాడు, శిష్యులున్నవాడు. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టి, దేవుణ్ణి తనలోనే వెతుక్కున్న మనిషి. పోతులూరి వీరబ్రహ్మం దగ్గర మాదిగ కక్కయ్య శిష్యుడైన సంగతి ఆ పల్లెల జ్ఞాపకంలో ఉన్నదే.

ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో వేసిన పుస్తకంలో, చెప్పులు కుట్టుకుంటూ మాదిగలు చెప్పుకున్న ఈ కథలను రాసిపెట్టింది. ఆ మేలు మరువలేం. అయితే ఆమె దృష్టిలో యోగం క్రీస్తుకు దారి సిద్ధం చేసిన మెట్టు మాత్రమే. మేము ఇంకోలా చదువుతాం. మాదిగలు మిషన్ దగ్గర ప్రార్థన నేర్చుకోలేదు, ప్రార్థన పట్టుకొనే మిషన్ దగ్గరికి వచ్చారు. మధ్యలో పూజారి అక్కర్లేని, ఊరి మధ్యన నిలబడి బిగ్గరగా చెయ్యగలిగిన ప్రార్థన వాళ్ళకు అక్కడ దొరికింది.

జాషువా 1941లో "గబ్బిలం" రాసినప్పుడు, అందులోని అరుంధతీసుతుడు తన మొర శివుడికి చేరవేయమని గబ్బిలాన్ని బతిమాలాడు. గుళ్ళోకి పోగలిగింది గబ్బిలమే గాని మనిషి కాదు గదా. పేరయ్య తరం ఆ మొరను తన నోటితోనే వినిపించింది. ప్రార్థనకున్న రాజకీయ బలం ఇక్కడుంది.

ప్రార్థనకు కట్టిన వెల

ఆ రోజుల్లో చేరినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి ఇవి మత నియమాల్లాగే ఉంటాయి. పల్లెలోకి దిగి చూస్తే ఒక్కొక్కటీ వెట్టి మీద దెబ్బే. ఆదివారం పని మానేస్తే, పిలిచినప్పుడల్లా పరుగెత్తే మాదిగ ఉండడు. విగ్రహానికి మొక్కకపోతే జాతరలో డప్పు కొట్టేవాడుండడు. ఊరి పెద్దలకు ఇది వెంటనే అర్థమైంది. కూలి ఎగ్గొట్టారు, పనులు మాన్పించారు, కొట్టారు. ప్రార్థన చేసినందుకు ఆ పెద్దలకు కోపం రాలేదు. చేసి లేచాక మనిషి మారినందుకు వచ్చింది.

1876-78 కరువు మాటకొస్తే "బియ్యం క్రైస్తవులు" అన్న వెక్కిరింత ఇవాళ్టికీ వినబడుతుంది. బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ళ పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకొని కరువు జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. అయితే ఈ సంజాయిషీ మనం ఇవ్వనక్కర్లేదని మా ఉద్దేశం. అన్నం అడిగితే ఆత్మ లేనట్టేనని ఎవరన్నారు? ఆసామి దయ లేకుండా కూలి డబ్బు చేతికందడం, సాయంత్రం అదే గుడిసెల దగ్గర మాదిగ బోధకుడు మోకాళ్ళేయడం, ఈ రెండూ ఒకే అనుభవం. ఆకలినీ భక్తినీ విడగొట్టి చూడగలిగింది కడుపు నిండినవాళ్ళే.

ఇవాళ్టి ప్రార్థన పట్టిక

మిషన్ స్టేషన్లు ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో ఏర్పడ్డాయి. అంటే గుండ్లకమ్మ అల సద్దుమణిగాక, పల్లెల్లో పుట్టిన సంఘాల వెనక మిషన్ వచ్చింది. ఆ తర్వాత 1905-06 ఉజ్జీవం, 1930ల నుంచి భక్తసింగ్ సభలు ప్రార్థనకు కొత్త ఊపునిచ్చాయి. ఒప్పుకోలు, కన్నీళ్ళు, వ్యక్తిగత పరిశుద్ధత ముందుకొచ్చాయి. ఊరి పెద్దకు కోపం తెప్పించే సంగతులు వెనక్కి పోయాయి.

ఉజ్జీవ కూటాల్లో తరచూ వినబడే వాక్యం దినవృత్తాంతాలు రెండో గ్రంథం 7వ అధ్యాయం 14వ వచనం. ప్రజలు తగ్గించుకొని, ప్రార్థించి, చెడు మార్గాలు విడిస్తే దేవుడు వాళ్ళ దేశాన్ని బాగుచేస్తాడన్నది దాని సారం. ప్రసంగాల్లో చెడు మార్గాలంటే సారా, సినిమా, వ్యభిచారం. రెండు గ్లాసులు పెట్టినవాడి పాపం ఆ జాబితాలో ఉండదు. "దేశం" అన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న మాటకు నేల అనే అర్థం కూడా ఉంది. సెంటు భూమి లేని మెట్ట కూలీ ఆ వాక్యం చదివి తన నేల సంగతి అడిగితే తప్పేముంది? తగ్గించుకోమని ముందే తగ్గించబడ్డవాళ్ళకు చెప్పడమేమిటి?

సారా సంగతే తీసుకోండి. భర్త తాగుడు మానాలని ప్రార్థించని దళిత స్త్రీ ఈ ప్రాంతంలో తక్కువ. 1992లో ఇదే మెట్టలో, కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు లేచి సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ప్రార్థన చేసే చేతులూ దుకాణం మూయించే చేతులూ ఒకే పల్లెల్లోవి. ఈ రెంటినీ కలిపి చెప్పే ప్రసంగం ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

ఇంకో మాట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో వాళ్ళను బి.సి.-సి.లో పెట్టారు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టరు కేసులో, క్రైస్తవం తీసుకున్నవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదంది. అందుకే ప్రార్థనలో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఒక పేరు. వేదిక మీద నుంచి దీన్ని అబద్ధమాడే పాపమంటున్నారు. రెండు పేర్లు పెట్టుకోక తప్పని స్థితి కల్పించినవాళ్ళ పాపం మాత్రం ఒప్పుకోలులోకి రావడం లేదు.

కారంచేడులో 1985 జూలై 17న దాడి జరిగాక ప్రాణాలు దక్కించుకున్న మాదిగలు చీరాల పోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ప్రార్థనాస్థలం ఉద్యమ శిబిరమైంది. అది మన కళ్ళెదుటి చరిత్ర. దాన్ని ఉజ్జీవం అని ఏ సభలోనూ చెప్పుకోలేదు.

ఉద్యమ కార్యకర్తలకు మేము చెప్పేది: ఆ కూటాల దగ్గరికి వెళ్ళండి, వెక్కిరించకండి, వినండి. అక్కడ పలికే విజ్ఞాపనలు మన డిమాండ్ల పత్రాల కన్నా నిక్కచ్చిగా పల్లె బాధను చెబుతాయి. సంఘ పెద్దలకు, బోధకులకు చెప్పేది: ఈసారి ప్రార్థన పట్టిక రాసేటప్పుడు శ్మశానం దారి, ఇంటి పట్టా, ఫ్లోరైడు నీళ్ళు, ఎగ్గొట్టిన కూలి రాయండి. సంఘంలోనే మాల మాదిగలు పెళ్ళిళ్ళకు దూరంగా ఉండటం కూడా రాయండి. చదివి, మోకాళ్ళేసి, లేచాక ఎటు నడవాలో పేరయ్యకు తెలుసు. మనకూ తెలియాలి.