గోల్‌పిఠా తర్వాత ఢసాళ్

నామ్‌దేవ్ ఢసాళ్ పేరు చెప్పగానే మరాఠీ చదవగలిగిన మనవాళ్లు ఎవరైనా ‘గోల్‌పిఠా’ అంటారు. ఇంకో పుస్తకం పేరు చెప్పమంటే తడుముకుంటారు. 1972లో ఆ సంపుటి వచ్చింది, మరాఠీ కవిత్వం ఉలిక్కిపడింది. అదే ఏడు దళిత్ పాంథర్ పుట్టింది. ఆ తర్వాత కవి రాజకీయాల్లో పడ్డాడు, జబ్బుపడ్డాడు, చల్లబడ్డాడు, 2014 జనవరిలో కన్నుమూశాడు. సాహిత్య చరిత్రలో ఆయన ఖాతా ఇంత పొట్టిగా ఉంది. మొదటి పేజీలో పెద్ద జమ, మిగతా పేజీలన్నీ ఖర్చు. నేను చదివింది బీకాం, చేసేది బ్యాంకు ఉద్యోగం. సాహిత్య సిద్ధాంతాల్లో నాకు ప్రవేశం తక్కువ. కానీ ఇంత సులువుగా తేలిపోయిన ఖాతా కనిపిస్తే వోచర్లు ఒకసారి తెప్పించి చూడాలనిపిస్తుంది.

ఆ వోచర్లు ఆయన తర్వాతి పుస్తకాలే. ‘మూర్ఖ మ్హాతార్యానే డోంగర్ హలవలే’ (1975), ‘తుహీ ఇయత్తా కంచీ’ (1981), ‘ఖేళ్’ (1983), ‘గాండూ బగీచా’ (1986), ‘యా సత్తేత్ జీవ్ రమత్ నాహీ’ (1995), ‘మీ మారలే సూర్యాచ్యా రథాచే సాత్ ఘోడే’ (2005), ‘తుఝే బోట్ ధరూన్ చాలలో ఆహే మీ’ (2006). వీటిని వరసగా చదివాక నాకు తోచింది ఇది. వీటిలో కొన్ని బలహీనమైనవే. కానీ రెండు మాత్రం గోల్‌పిఠా పక్కన నిలబడగలవు. వాటిలో ఒకటి కామాఠీపుర తెలుగువాళ్లకు గోల్‌పిఠా కన్నా ఎక్కువ కావలసిన పుస్తకం.

మనకెందుకు ఎక్కువ? నిజాం ఇలాకా నుంచి బొంబాయికి రాళ్లు మోయడానికి, గోడలు కట్టడానికి వచ్చిన కూలీలను ఈ ఊరు కామాఠీలు అంది. వాళ్లు గుడిసెలేసుకున్న చోటు కామాఠీపుర అయింది. కూలీల పేరుతో ఇంత పెద్ద పేట ఉండటం ఎంత గొప్ప! కానీ ఆ పేరు చెప్పగానే ఎదుటివాళ్ల ముఖం ఎలా మారుతుందో అక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వెళ్తే ‘ముంబై సెంట్రల్’ అంటాం, ఉద్యోగం అర్జీలో ‘నాగ్‌పాడా’ అని రాస్తాం. ఆడవాళ్లు బీడీలు చుడుతూ, మగవాళ్లు తాపీ పనికి పోతూ, వానాకాలం కారే కప్పుల కింద మన తాతలు తల్లులు బతికిన గల్లీలు అవి. వాటిని లోకం ఒక్క వ్యాపారంతోనే గుర్తుపెట్టుకుంది. 2022లో ‘గంగూబాయి కఠియావాడీ’ సినిమా వచ్చినప్పుడు పేటవాళ్లు అభ్యంతరం చెప్పారు, సంగతి బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది. సినిమా మాత్రం ఆ పేరుతోనే ఆడింది. ఇప్పుడు మ్హాడా పునర్నిర్మాణ పథకం నడుస్తోంది. పాత చాళ్లు పోతే మిగిలేది పేరు ఒక్కటే. ఆ పేరును సాహిత్యంలో ఎవరు ఎలా పలికారన్నది మనకు కాలక్షేపపు చర్చ కాదు.

గోల్‌పిఠా ఆ పేటను ఆనుకున్న చోటే. ఢసాళ్ అక్కడే పెరిగాడు, టాక్సీ నడిపాడు. పుస్తకానికి విజయ్ తెండుల్కర్ ముందుమాట రాశాడు. తనకు అర్థంకాని మాటలకు అర్థాలు కవినే అడిగి తెలుసుకున్నాననీ, ఆయన వెంట ఆ ప్రాంతమంతా తిరిగాననీ ఆయనే చెప్పుకున్నాడు. ఆ ముందుమాటలో నిజాయితీ ఉంది. అయితే పుస్తకాన్ని ఎలా చదవాలో అది తరతరాలకు నేర్పింది కూడా. తెల్లచొక్కా మనిషి గైడును వెంటబెట్టుకుని నరకం చూసి రావడం అన్నమాట. ఇప్పటికీ గోల్‌పిఠాను పొగిడేవాళ్లలో చాలామంది అలాగే చదువుతారు. ఆ గల్లీల్లో తెల్లవారుజామున కుళాయి దగ్గర వరసలో నిలబడ్డవాడి చదువు వేరే. ఆ పుస్తకం శక్తిని నేను తక్కువ చేయడం లేదు. ఆకలి మీద, తెగింపు మీద ఆ కవితలు చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ అందులో రాత్రే ఎక్కువ, పగలు తక్కువ. పేలడమే ఎక్కువ, ఉండటం తక్కువ. ఒక పేటలో జనం అరవై డెబ్బై ఏళ్లు ఎలా ఉంటారన్నది ఇరవై మూడేళ్ల కవి చెప్పగలిగిన మాట కాదు. అది తర్వాతి పుస్తకాల పని.

మన దిగంబర కవులను గుర్తుచేసుకోండి. 1965లో మొదటి సంపుటి అర్ధరాత్రి హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరణ. 1968కల్లా మూడు సంపుటాలూ అయిపోయాయి. పాఠ్యపుస్తకాల్లో వాళ్ల కథ అక్కడితో ఆగిపోతుంది. కానీ 1977 దివిసీమ ఉప్పెన మీద నగ్నముని రాసిన ‘కొయ్యగుర్రం’ దిగంబర సంపుటాల కంటే పై మెట్టు కాదా? నా మట్టుకు నాకు అవును. తిట్టడం నేర్చిన గొంతు ఏడవడం నేర్చుకున్నాక రాసిన దీర్ఘకవిత అది. మొదటి అరుపు జనానికి చెవిలో ఉండిపోతుంది. రెండోసారి కవి మామూలు గొంతుతో మాట్లాడితే ‘పస తగ్గింది’ అంటారు.

ఇది మన భాషలకే పట్టిన జాడ్యం అనుకునేరు. మా చెల్లెలి కొడుకు ర్యాప్ వింటాడు. “మామా, ఏ గ్రూపైనా ఫస్ట్ ఆల్బమే అసలు ఆల్బమ్, తర్వాతవన్నీ డబ్బు కోసం” అని వాడి సిద్ధాంతం. అమెరికాలో పబ్లిక్ ఎనిమీ అని నల్లవాళ్ల బృందం ఒకటుంది. 1988, 1990లలో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లను నెత్తిన పెట్టుకునేవాళ్లు తర్వాతివాటిని పట్టించుకోరు. అలా ఎవరూ పట్టించుకోని 2007 నాటి ఆల్బమ్‌లోని పాట ఒకదాన్ని 2012 లండన్ పారాలింపిక్స్ ప్రచారానికి బ్రిటిష్ టీవీ చానల్ ఒకటి వాడుకుంది. బ్రిటన్ పాటల పట్టికలో ఆ బృందం పాటలన్నిటికన్నా పైకెక్కింది అదే. ఆ బృందం తమ స్ఫూర్తిగా చెప్పుకునే బ్లాక్ పాంథర్ల పేరే మన దళిత్ పాంథర్లూ తీసుకున్నారు కాబట్టి ఈ పోలిక మరీ దూరపుది కాదనుకుంటాను.

సరే, పుస్తకాల్లోకి వద్దాం. 1975 నాటి పుస్తకం పేరుకు అర్థం మూర్ఖపు ముసలాయన కొండను కదిలించాడని. విప్లవ సాహిత్యం చదివిన తెలుగువాళ్లకు మావో చెప్పిన ఆ చైనా కథ తెలిసిందే. ఇందులో ఉద్యమం పాలు ఎక్కువ, కవి పాలు తక్కువ. మరుసటి ఏడు ఎమర్జెన్సీ నడుమ ఇందిరాగాంధీని కీర్తిస్తూ రాసిన ‘ప్రియదర్శిని’ని వెనకేసుకురావడం ఎవరికీ సాధ్యం కాదు, నేనూ ఆ ప్రయత్నం చేయను.

1981 నాటి ‘తుహీ ఇయత్తా కంచీ’ దగ్గర నేను ఆగిపోయాను. నాగరిక మరాఠీలో అయితే ‘తుఝీ ఇయత్తా కోణతీ’ అనాలి. ‘నువ్వు ఎన్నో తరగతి?’ అని అర్థం. స్కూలుకు పోయే పిల్లవాణ్ణి గల్లీలో పెద్దవాళ్లు ఆపి అడిగే ప్రశ్న. మున్సిపల్ స్కూలు మెట్లెక్కిన మన పిల్లలందరూ విన్నదే. మన నిఘంటువుల్లోనూ ‘ఇయత్త’ ఉంది, ఇంత అని చెప్పదగిన మేర అని దాని అర్థం. పిల్లవాడి తరగతి అడుగుతున్నట్టే అడిగి మనిషి మేర ఎంతో అడుగుతున్నాడు కవి. కులం అడగడం కూడా ఆ ప్రశ్నలోనే ఉంది. గోల్‌పిఠాలో కవి ఆదేశించేవాడు. ఇక్కడ అడుగుతున్నాడు.

‘కామాఠిపుర’ అన్న కవిత ఉన్నది ఈ పుస్తకంలోనే. మన పేటను పేరుపెట్టి పిలిచిన కవిత అంత పేరున్న గోల్‌పిఠాలో లేదు, అంతగా ఎవరూ తిరగేయని ఈ సంపుటిలో ఉంది. అందులో పేట ఒక రాత్రి జంతువులా, ముళ్లు నిక్కబొడుచుకుని, శతాబ్దాల రోగాన్ని ఒంటిమీద మోస్తూ పడుకుని ఉంటుంది. అక్కడిదాకా పాత ఢసాళే. కానీ కవిత సాగేకొద్దీ ఆయన పేటను ‘నువ్వు’ అని పిలవడం మొదలుపెడతాడు. పేట గురించి బయటివాళ్లకు చెప్పడం మానేసి పేటతోనే మాట్లాడతాడు. చివరికి దాని పక్కనే కూచుని ఎదురుచూస్తాడు. ఆ ముగింపులో బురద, తామరపువ్వు ఉన్నాయి. పాత ఉపమానమే, మన శతకాల కాలం నుంచీ అరిగిపోయినదే. వేరే కవి వాడితే నేను పేజీ తిప్పేసేవాణ్ణి. కానీ అన్నిటినీ తగలబెట్టమన్న మనిషి చివరికి ఒక మొక్క కోసం కాచుకోవడం కొత్త. అక్కడ ఇల్లు కట్టుకుని పిల్లల్ని పెంచినవాళ్ల వైఖరి అదే కదా. లోటు ఒకటుంది. కవిత పేరులో కామాఠీ ఉన్నాడు, కవిత లోపల లేడు. తాపీ, బీడీ, బతుకమ్మ ఏవీ లేవు. ఆ లోటుకు ఢసాళ్‌ను నిలదీయడం అన్యాయం. మనవాళ్లు రాసి ఉంటే ఆయన చదివేవాడేమో!

‘ఖేళ్’ గురించి రాయడం కష్టం. 1980ల మొదట్లో ఆయనకు కండరాల శక్తిని హరించే మయస్తీనియా జబ్బు మొదలైంది. ‘ఖేళ్’లో ఉన్నవి ప్రేమ కవితలు, శరీరం గురించిన కవితలు. వీధి మొత్తాన్ని నోట పట్టుకున్న కవి ఒక గదిలోకి వచ్చి ఇద్దరి మధ్య మాట్లాడతాడు. కవిత్వంగా ఇది గోల్‌పిఠా పక్కన నిలబడే రెండో పుస్తకం అని నా అభిప్రాయం. భాష పొదుపు నేర్చుకుంది, బూతు అవసరమైన చోటే వచ్చింది. కానీ ఏడాది తిరక్కుండానే, 1984లో, ఆయన భార్య మల్లికా అమర్ షేక్ ఆత్మకథ ‘మలా ఉద్ధ్వస్త వ్హాయచంయ్’ వచ్చింది. షాహిర్ అమర్ షేక్ కూతురు ఆమె, తనూ కవయిత్రే. ఆ కాపురంలో దెబ్బలూ అవమానాలూ ఎలా ఉన్నాయో ఆమె దాచకుండా రాసింది. ఆ పుస్తకం చదివాక ‘ఖేళ్’ను వట్టి ప్రేమ కవిత్వంగా చదవడం కుదరదు. అలాగని చించి పారేయడమూ కుదరదు. నా మాట వింటే రెండూ ఒకే వారంలో చదవండి, ముందు ఆమెది, తర్వాత ఆయనది. కవితల్లో ఎక్కడ వినయం నిజమో, ఎక్కడ నటనో అప్పుడు కనబడుతుంది. రెండూ ఉన్నాయి.

‘గాండూ బగీచా’ పేరు చూసి అటకెక్కించిన గ్రంథాలయాలు ఉండే ఉంటాయి. బొంబాయి జనం నోట ఆ మాట ఎంత మామూలుదో లోకల్ రైలెక్కిన వారికి తెలుసు. పుస్తకం గోల్‌పిఠా దారిలోనే వెళ్తుంది, కొన్నిచోట్ల దాని అనుకరణలా ఉంటుంది. తన్ను తాను అనుకరించడం అరవై, డెబ్బై దశకాల కవులు చాలామందికి వచ్చిన తెగులే.

1995 పుస్తకం పేరులో తెలుగువాడు పొరబడే మాట ఒకటుంది. మనకు సత్తా అంటే దమ్ము. మరాఠీలో సత్తా అంటే అధికారం. ‘ఈ అధికారంలో ప్రాణం కుదురుకోవడం లేదు’ అని ఆ పేరు అర్థం. అల్లర్లు జరిగి రెండేళ్లయింది, ఆ ఏడే శివసేన, బీజేపీ కూటమి రాష్ట్రంలో గద్దెనెక్కింది, బొంబాయి ముంబై అయింది. ఆ పేరు ఒక్కటే ఆ ఏడాదికి సరిపోయే కవిత. అదే ఢసాళ్ తర్వాత శివసేన పత్రిక ‘సామ్నా’లో కాలమ్ రాశాడు. 1974 వర్లీ అల్లర్లలో పాంథర్లకు ఎదురు నిలిచిన పార్టీ అది. ఈ సంగతిని ఆయన అభిమానులు గొణిగి వదిలేస్తారు, ప్రత్యర్థులు దీనితోనే పుస్తకాలన్నీ కొట్టేస్తారు. నాకు రెండూ సమ్మతం కాదు. వర్లీ, ప్రభాదేవి మిల్లు చాళ్లలో మన పద్మశాలీలు ఆ అల్లర్ల రోజుల్లో తలుపులు వేసుకుని కూచున్న సంగతి పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. కాలమ్ రాయడం చిన్న విషయమని వాళ్ల ముందు అనలేను. కానీ కాలమ్ వేరు, కవిత వేరు. అధికారం పక్కన కూచున్న మనిషికి అక్కడ ఊపిరాడకపోవడం కూడా ఆ కవితల్లో నమోదైంది. ఆ ఇబ్బంది తెలియని కవి ఆ పేరు పెట్టలేడు.

2005 సంపుటిలో మళ్లీ పాత గర్వం. సూర్యుడి రథపు ఏడు గుర్రాలనూ తానే చంపానంటాడు. కొన్ని కవితలు ఆ మాటకు తగ్గట్టు ఉన్నాయి, కొన్ని వట్టి బరువు. 2006 పుస్తకంలోని వేలు అంబేడ్కర్‌ది. నీ వేలు పట్టుకుని నడుస్తున్నానని అర్థం. సగానికి సగం స్తోత్రం, దాన్ని తగ్గించి చదువుకోవాలి. మిగతా సగంలో జబ్బుతో నడక తడబడుతున్న మనిషి నిజంగానే వేలు కోసం వెతుకుతాడు. 1972లో ఎవరి చేయీ పట్టుకోని గొంతు అది.

మరాఠీ అలవాటు లేనివారికి దిలీప్ చిత్రే ఇంగ్లీషు అనువాదాల సంపుటి (2007) ఉంది, అన్ని కాలాల కవితలూ అందులో దొరుకుతాయి. మరాఠీ చదవగలిగినవారు మొదలుపెట్టవలసింది 1981 పుస్తకంతో. గోల్‌పిఠా ఆ తర్వాత చదివినా నష్టం లేదు.