వంటయిల్లును వ్రాతబడియు

మన పిల్లలకు తెలుగున నాలుగు వాక్యములు సొంతముగా వ్రాయుట రాదను మాట నేడు ప్రతి యుపాధ్యాయుని నోటను వినబడుచున్నది. మాట నిజమే. కాని తప్పు పిల్లలది కాదనియు, వ్రాయుటకై మనము వారికిచ్చు విషయములదియు, వ్రాసినదానిని దిద్దు పద్ధతిదియు నని మా యభిప్రాయము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గృహములను దృష్టియందుంచుకొని యీ విషయమును గొంత విమర్శింప దలచితిమి.

'ఆవువ్యాసము' అను పరిహాసము తెలుగువారి కందఱికిని దెలిసినదే. ఆవును గూర్చి మాత్రము వల్లించిన బాలుడు, ఏ విషయ మిచ్చినను దాని నొక ఆవునొద్దకు దెచ్చి కట్టివేయును. మనము నవ్వి యూరకుందుము. కాని నవ్వదగినవాడు బాలుడు కాదు. పండుగలు, క్రమశిక్షణ, సమయపాలనము, విజ్ఞానశాస్త్రముయొక్క లాభనష్టములు - ఇట్టి విషయములపై పదేండ్ల పసివానికి సొంతముగా జెప్పదగిన దేమున్నది? చెప్పదగినది లేనప్పుడు వాడు మార్గదర్శిని పుస్తకమును దెఱచి పరుల వాక్యముల నెత్తి వ్రాయును. నలువదిమంది పిల్లల పుటలు ఒకే యచ్చున బడును. ఉపాధ్యాయుడును వాక్యము నిజమా కాదా యని చూడడు. అచ్చుపుస్తకమును బోలియున్నదా యనియే చూచును. ఇది వ్రాత కాదు, నకలు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. 1910 తరువాతి సంవత్సరములలో మద్రాసు రాజధానియందలి విద్యాలయములలో తెలుగు వ్యాసరచన పరీక్షావిషయము కాగా, ఆ వ్యాసము ఏ భాషలో నుండవలెనను వివాదము చెలరేగెను. గిడుగు రామమూర్తి పంతులు 1913లో ఆధునికాంధ్ర భాషను సమర్థించుచు నొక విజ్ఞాపనమును ఆంగ్లమున బ్రకటించెను. గురజాడ అప్పారావు 1914లో విశ్వవిద్యాలయమునకు తన యసమ్మతిపత్రమును సమర్పించెను. జయంతి రామయ్య పంతులు మొదలగువారు గ్రాంథికమును నిలుపుటకు బోరిరి. ఆ వాదమును మన మిప్పుడు సాహిత్యభాషా వివాదముగనే తలంచుకొనుచున్నాము. కాని దానికి మూలము, బడిపిల్లవాడు తాను మాటాడునట్లు వ్రాయవచ్చునా యను ప్రశ్నయే. పత్రికలును కథలును వ్యావహారికమునకు వచ్చి చాలకాలమైనది. అయినను బాలుని ప్రశ్న మాత్రము తీరలేదు. వాని యింటిమాటకు బడిపుటలో నేటికిని చోటు చాలదు. అందుపై నీ పట్టణములలో పెక్కుమంది పిల్లలు ఇంగ్లీషు మాధ్యమమున జదువుచుండుటచే, తెలుగున వ్రాయు నభ్యాసము బడిలో దినమున కొక గంటకు దిగినది. తక్కిన భారము గృహముపై బడినది. గృహము దాని నెట్లు మోయవలెను?

వంటయింటినుండి మొదలుపెట్టవలెనని మేము చెప్పుదుము. పిల్లవాడు ప్రతిదినము చూచుచు, వాసనచే గుర్తించుచు, తినుచు, పేరుతో నెఱిగిన పని యిల్లంతటిలో నదియే. దానిని వ్రాయుటకు మార్గదర్శిని యక్కఱలేదు. అంతకంటె ముఖ్యమైన గుణ మింకొకటి కలదు. వంటను గూర్చిన వ్రాత సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు పండితునితో బనిలేదు. దానిని జూచి మఱియొకరు వండిన జాలును. సంగటి యుండలు కట్టినచో వాక్యమునందేదో లోపించినదని యర్థము.

ఇచ్చట మన పాకశాస్త్రగ్రంథములను గూడ నొకింత విమర్శింపవలసియున్నది. వానియందు మిక్కిలి తఱచుగా గానవచ్చు మాట 'తగినంత'. ఉప్పు తగినంత, నీరు తగినంత, చింతపండు తగినంత. తెలిసినవారికి ఈ మాట యక్కఱలేదు. తెలియనివారి కిది యుపయోగింపదు. అది వ్రాయువాడు తన పనిని చదువరిపై ద్రోసివేయుట. మన బడివ్యాసములందలి 'ఎంతో ముఖ్యమైనది', 'చాల యుపయోగకరమైనది' యనునవియు నీ 'తగినంత'కు దోబుట్టువులే. పిల్లవాడు మొదటిపుటలోనే ఈ మాటను విడిచిపెట్టుట నేర్చెనేని, పెద్దవాడై యే విషయమును వ్రాసినను వానికది యుపకరించును.

దృష్టాంతముగా, పులివెందుల ప్రాంతపు బాలిక యొకతె రాగిసంగటిని గూర్చి యిట్లు వ్రాసెననుకొందము: "నీళ్లు మరిగినాక నూకలు వేయాల. అవి మెత్తబడినాక రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టాల. పిండి ఉడికినాక తెడ్డుతో గట్టిగా గెలకాల." సామాన్యుడైన యుపాధ్యాయుడు ఎఱ్ఱసిరా తీసికొని 'వేయాల', 'గెలకాల' యనువానిని గొట్టివేసి, పైన 'వేయవలెను', 'కలుపవలెను' అని వ్రాయును, తన కర్తవ్యము ముగిసినదనుకొనును. ఆ వాక్యములందలి నిజమైన లోపములు వానికి గనబడవు. నీ రెన్ని గ్లాసులు? పిండి యుడికినదని యేట్లు తెలియును? మంట తగ్గింపవలెనా? కలుపకుండ మూత యేల పెట్టవలెను? తల్లియో జేజియో ప్రక్కను గూర్చుండి ఈ ప్రశ్నల నడిగినచో, ఆ బాలిక పొయ్యియొద్దకు బోయి చూచి, తిరిగివచ్చి వ్రాయును. చూచుట, వ్రాయుట, లోపమును గనుగొనుట, మరల చూచుట - వ్రాతవిద్య యంతయు నీ నాలుగింటిలోనే యున్నది. 'గెలకాల' యను క్రియలోనున్న బలము 'కలుపవలెను' అనుదానిలో లేదు. గ్రంథసంప్రదాయముపై మాకు ద్వేషము లేదు. రెండు రూపములును బాలిక కెఱుకపడవలెను. కాని తన మాట తప్పని మొదటినాడే నేర్చిన బిడ్డకు రెండవది యబ్బదు.

ఈ మూడు పట్టణములును ఒక జిల్లాలోనివే యైనను, వాని వంటలు నేలను బట్టియు నీటిని బట్టియు వేఱగుచుండెను. కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషను కంపెనీ త్రవ్వింపగా, 1882లో ప్రభుత్వము దానిని గొనెను. ఆ కాలువనీరు తగిలిన ప్రొద్దుటూరు పొలములలో వరి పండెను. పెన్నయొడ్డున నల్లరేగడి గల జమ్మలమడుగు ప్రాంతమున జొన్నరొట్టె నిలిచెను. వానపై నాధారపడిన పులివెందుల మెట్టలలో చెనిక్కాయ విస్తరించి, ఊరిమిండియై సంగటిముద్దకు జోడయ్యెను. ఆ చెనిక్కాయయు, దానితో నూఱెడి మిరపకాయయు అమెరికా ఖండమునుండి వచ్చినవే. 1983లో కిలో రెండురూపాయల బియ్యపు పథకము వచ్చిన పిమ్మట, జొన్నకూడును కొఱ్ఱకూడును దినుచుండిన యిండ్లలోనికి వరియన్నము నిత్యాహారమై ప్రవేశించెను. చిన్నతనమున నేమి తింటివని జేజి నడిగి వ్రాసిన బిడ్డకు, చరిత్రయు భూగోళమును అర్థశాస్త్రమును వేఱుగా బోధింప బనిలేదు.

ఇట్టి వ్రాతకు చదువరియు గలడు. కడపసీమనుండి స్త్రీపురుషు లనేకులు కువైటునకు బోయి కూలి చేయుచున్నారు. స్త్రీలలో బెక్కురు పరుల యిండ్లలో వంటయు బనియు జేయుచున్నారు. పురుషులలో బలువురు నలుగురైదుగురు చేరి యొకగదిలో దమకు దాము వండుకొనుచున్నారు. ఊరిమిండి చేయుట యెట్లని యింటినుండి యొక పుట వ్రాసి పంపిన, దానిని జదివి వండుకొను నన్నయో మేనమామయో అచ్చట గలడు. మార్కులకై వ్రాసిన వ్యాసమును ఒక్క యుపాధ్యాయుడే చదువును, అదియు విధిలేక. ఈ పుటను ఆకలిగొన్నవాడు చదువును. ముంతతో గొలచిన నీరు కువైటులో నెంతయో, ఱోలు లేనిచోట దేనితో నూఱవలెనో వ్రాయువాడు ముందే యాలోచింపవలసి వచ్చును. చదువరిని దలచుకొని వ్రాయుట యనగా నిదియే.

పిల్లలకు బడికి బదులుగా నింటియొద్దనే చదువు చెప్పవలెనను వాదము నేడు మన పట్టణములందును వినబడుచున్నది. అమెరికాలో జాన్ హోల్టు 1977లో అట్టి తలిదండ్రులకై పత్రిక నొకదానిని స్థాపించెను. 2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడినప్పుడు, కోరనివారి యిండ్లు గూడ బడులయ్యెను. ఫోనులలోను దూరదర్శనమునను పాఠములు వచ్చెను. అక్షరము రాని తల్లి, ఫోను లేని యిల్లు ఏమి చేయవలెనో ఆ పాఠములు చెప్పలేదు. పిల్లవానిచే నాడు వండినదానిని పలుకపై వ్రాయించి, వానిచేతనే చదివించి విను తల్లి కక్షరజ్ఞానముతో గాని ఫోనుతో గాని పనిలేదు. లోపమును బట్టుకొనుటకు ఆమె చేతియనుభవమే చాలును. ఇంటిచదువును గోరి చేపట్టినవారును తమ పుస్తకములను విదేశములనుండి తెప్పించుకొని, కేకును వెన్నను గొలుచు పాఠములను మన పిల్లలచే జేయించుట హాస్యాస్పదము. ఇంటిచదువైనప్పు డిల్లు మనదై యుండవలెను గదా!

ఇంతవఱకు చెప్పినదానిలో నొక యపాయము పొంచియున్నది. వంటయింట విద్య గలదని మేమనుటను విని, 'అట్లయిన మా యమ్మాయి యింటనే యుండి నేర్చుకొనును, బడి యేల?' యని సంతసించు పెద్దలు లేకపోరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి, 6 మొదలు 14 ఏండ్ల వఱకు గల ప్రతి బాలికకును బాలునకును ఉచితవిద్యను హక్కుగా జేసినది. బాలికను బడి మాన్పించి పొయ్యియొద్ద గూర్చుండబెట్టి, దానికి గృహవిద్య యని పేరిడుట చదువు కాదు, వంచన. పూర్వము మన స్త్రీలు ఇంట నేర్చిన మాట నిజమే. 1874లో జన్మించిన భండారు అచ్చమాంబకు బడిచదువు లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా నాతనితో గూర్చుండి నేర్చి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను బ్రకటించినది. కాని ఆ యింట పాఠము తమ్మునికి, ఆమెకు దక్కినది ప్రక్కచోటు. అచ్చమాంబ యంతటిది గాని వేలకొలది యక్కలకు ఆ ప్రక్కచోటును దక్కలేదు. ఒక్క యచ్చమాంబను జూపి యా వ్యవస్థను బొగడుట న్యాయము కాదు.

కావున మా నియమ మిది: వంటను వ్రాయు పాఠము నెవనికిచ్చినను, వండు పనియు వాని కీయవలెను, ముందుగా మగపిల్లవానికి. తెడ్డు పట్టని బాలుడు సంగటిని గూర్చి వ్రాసిన నది ఆవువ్యాసమే యగును. చెల్లెలు వండగా నన్న వ్రాయుట యెంతమాత్రము తగదు.

కొందఱు, 'వంటవిధానము వ్రాయుట సాహిత్య మగునా?' యని యడుగవచ్చును. విధానముతో నిలిచిపోయిన కాదనియే మా యుత్తరము. విధానము మొదటిమెట్టు. రెండవమెట్టున బిడ్డ కొన్ని ప్రశ్నలు వేయును: ఈ పిండి నెవరు విసరిరి? నీ రెంతదూరమునుండి వచ్చినది? ఇంట నందఱును దిన్నపిదప దినువా రెవరు? వారికి ముద్ద మిగిలెనా? ఈ చివరిప్రశ్నకు నిజమైన సమాధానము వ్రాయగల బిడ్డకు వ్యాసమును, కథయు, విమర్శయు గూడ నందుబాటులోనికి వచ్చినట్లే. దానిని జదివి సిగ్గుపడవలసినవారు పెద్దలు. ఆ పుటను జించివేయక భద్రపఱచు ధైర్యము తలిదండ్రులకు గావలెను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని యుపాధ్యాయులకును తలిదండ్రులకును మేము చేయు విన్నపము చిన్నది. ప్రతి బిడ్డకును వంటపుస్తక మొకటి యుండనిండు. వారమున కొకదినము బిడ్డ తాను వండినదానిని తన మాటలలో వ్రాయనిండు. దానిని జూచి మఱియొక బిడ్డ వండనిండు. కుదురనిచోట ఇద్దఱును గూర్చుండి వాక్యమును దిద్దుకొననిండు. ఉపాధ్యాయుడు రుచిచూచి మార్కులు వేయవచ్చును. ఏడాది గడచినపిదప ఆ పుస్తకమును ఆవువ్యాసములతో బోల్చి చూచి, తెలుగు దేనిలో నున్నదో వారే నిర్ణయింతురు గాక.