ఖతికి పెట్టిన పేరు, కావ్యానికి కావలసిన లిపి: ‘సూరన్న’ యూనికోడ్ ఖతిపై విమర్శ

ఉపోద్ఘాతం:
పురుషోత్ కుమార్ గుత్తుల తదితరులు రూపొందించిన యూనికోడ్ ఖతులను 2010 తర్వాతి తొలి సంవత్సరాలలో సిలికానాంధ్ర సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ ఉచితంగా అందించింది. వాటిలో ఒక వరుసకు అష్టదిగ్గజ కవుల పేర్లు పెట్టారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, తెనాలి రామకృష్ణ అనే ఖతుల సరసన ‘సూరన్న’ కూడా చేరింది. యూనికోడేతర ఖతులకు అలవాటుపడిన తెలుగు డీటీపీ రంగానికి ఇవి చేసిన మేలు కాదనలేనిది. ఆ మేలును అంగీకరిస్తూనే, కవి పేరు ధరించిన ఖతి ఆ కవి కావ్యపాఠాన్ని ఎంతవరకు మోయగలదో నిగ్గుతేల్చడం విమర్శ కర్తవ్యం.

పేరు - ప్రమాణం:
పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను నంద్యాల కృష్ణభూపతికి అంకితమిచ్చాడు. సంప్రదాయం సూరనను రాయల ఆస్థానకవులలో లెక్కించినా, ఈ కావ్యానికి కృతిభర్త నంద్యాల ప్రభువే. ఖతికి ఆ పేరు పెట్టడంలో ఆస్థాన కీర్తి గుర్తుకు వచ్చింది గాని, నంద్యాల సంబంధం మరుగునపడింది.

ఇదే నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పకళకు ప్రసిద్ధి. శిల్పశాస్త్రం చెప్పే ప్రమాణం ఇక్కడ స్మరణీయం. పీఠం మీద పేరు చెక్కినంత మాత్రాన విగ్రహం ఆ దేవత కాజాలదు. ఆయుధం, ముద్ర, తాలమానం లక్షణానికి సరిపోవాలి. ఖతికీ అంతే. పేరు గౌరవసూచకం మాత్రమే. లక్షణం అక్షరసంపుటిలో కనిపించాలి.

ద్రుతం - నకారపొల్లు:
వార్తాపత్రికకు అక్కరలేని లిపిరూపాలు పద్యకావ్యానికి అత్యవసరాలు. అరసున్న, శకటరేఫ, వలపలగిలక, ‘కార్త్స్న్యం’ వంటి పదాలలోని క్లిష్టసంయుక్తాలు అటువంటివి. వీటన్నిటికంటె తరచుగా ఎదురయ్యేది ద్రుతం. ‘చేసెన్’, ‘వచ్చెన్’ వంటి రూపాలు పద్యంలో అడుగడుగునా వస్తాయి. ఈ పొల్లు నకారానికి పాతకాలపు రాతలో ప్రత్యేకరూపం ఉండేది. అదే నకారపొల్లు.

దంత్య చ, జ లకు యూనికోడ్ 5.1 ద్వారా 2008లోనే సంకేతస్థానాలు లభించాయి. నకారపొల్లుకు మాత్రం 2021లో, యూనికోడ్ 14.0 వచ్చేదాకా చోటు దక్కలేదు. అంతకు ముందు వెలువడి, తరువాత సవరణకు నోచుకోని ఏ ఖతిలోనైనా ఈ అక్షరానికి బదులు ఖాళీ డబ్బా గాని, వేరే ఖతి నుండి అరువు తెచ్చుకున్న రూపం గాని కనిపిస్తుంది. అప్పుడు పరిష్కర్త సాధారణమైన ‘న్’తో సరిపెట్టుకుంటాడు. పఠనప్రతికి అది చాలు. మూలప్రతిలోని లిపిని యథాతథంగా చూపవలసిన ప్రతికి చాలదు; లేఖకుడు ఏ రూపం వాడాడన్న సాక్ష్యం అక్కడే చెరిగిపోతుంది. ఆళ్లగడ్డకు చేరువలోని అహోబిలంలో ఉన్న కృష్ణదేవరాయల 1515 నాటి శాసనం వంటి వాటిని డిజిటల్ రూపంలోకి తెచ్చేటప్పుడు కూడా పాత లిపిరూపాల విషయంలో ఇంతటి జాగరూకత అవసరం.

2021లో వచ్చిన సంకేతం అంతకు ముందటి ఖతిలో లేదని రూపకర్తను తప్పుపట్టడం న్యాయం కాదు. లోపం అంతా నామకరణంతో ఋణం తీరిందనుకోవడంలో ఉంది. ఖతిని పరీక్షించకుండానే పరిశోధనగ్రంథాలకు వాడుకునే విద్వల్లోకానికీ ఇందులో భాగం ఉంది.

ముగింపు:
ఈ లైసెన్సు ఖతిని సవరించి తిరిగి విడుదల చేసే హక్కును అందరికీ ఇస్తుంది. మూలనామం ప్రత్యేకంగా కేటాయించి ఉంటే కొత్త పేరు పెట్టుకోవాలి. కనుక తెలుగుశాఖలు చేయదగిన పని స్పష్టం. కళాపూర్ణోదయ పాఠం మొత్తాన్ని ఈ ఖతిలో కూర్చి, సరిగా రాని సంయుక్తాలను, లేని అక్షరాలను పట్టికగా రాసి, రూపకర్తల చేతికి అందించాలి. ఆ పట్టికలోని చివరి అక్షరం కూడా చేరిన నాడు ‘సూరన్న’ అన్న పేరు సార్థకమవుతుంది.