మత్తు డాక్టరు దగ్గర దాపరికమా?

ఆపరేషన్ ఎవరు చేస్తారో వాకబు చేసుకుని మరీ ఆసుపత్రికి వస్తారు. మత్తు ఎవరిస్తారని మాత్రం చాలామంది అడగరు. మత్తు డాక్టరునైన నాకు అదేమీ చిన్నతనం కాదు. ముందురోజు నేనడిగే ప్రశ్నలను ఫిట్‌నెస్ సంతకం కోసం జరిగే తంతు అనుకుంటేనే బెంగ.

‘జబ్బులేమైనా ఉన్నాయా? మందులు వాడుతున్నారా?’ అంటే, ‘ఏమీ లేవండీ’ అని తరచూ పక్కనున్న చుట్టాలే చెప్పేస్తారు. అత్తగారి ఎదుట కోడలు తనకు ఫిట్స్ వచ్చేవని నోరు విప్పదు. కొడుకు ముందు తండ్రి రోజూ తాగుతానని ఒప్పుకోడు. అందుకే కాసేపు అందర్నీ బయటికి పంపుతాను. గుట్కా వల్ల నోరు సరిగా తెరుచుకోకపోతే ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసే పద్ధతే మార్చాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే వెన్నులో సూది వేసేముందు ఆలోచించాలి. షుగరు మాత్రల్లో కొన్నిటిని మూడు నాలుగు రోజుల ముందే ఆపాలి. బీపీ మాత్రల్లో చాలావాటిని ఆ ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. ఏది ఆపాలో ఇంట్లో తేల్చుకోవద్దు. నాటుమందులు, కదిలే పన్ను, ఇంట్లో ఎవరికైనా మత్తు వికటించిన సంగతి, ఏదీ వదలొద్దు.

ఇక పరగడుపు. మత్తులో దగ్గు రాదు. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. కాన్పు సమయంలో తల్లులకు ఇలా జరగడాన్ని 1946లోనే మెండెల్సన్ అనే అమెరికన్ ప్రసూతి వైద్యుడు వివరంగా రాశాడు. మామూలుగా టిఫిన్, పాలు 6 గంటల ముందు, వేపుళ్లు, మాంసం 8 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకూ తాగొచ్చు. పాలు కలిపిన టీ పాలకిందే లెక్క. రాత్రి నుంచి నాలుక పిడచకట్టేలా ఉండనక్కర్లేదు, పసిపిల్లలైతే అసలే వద్దు. కొందరికి ఈ గంటలు మారతాయి, మీ డాక్టరు చెప్పిందే పాటించండి. నీరసమని రెండు ఇడ్లీలు తిని, ముహూర్తం దాటిపోతుందని దాచేవాళ్లున్నారు. చెబితే, వీలైన చోట కాస్త ఆగుతాం. అంతేగా!

వెన్నులో సూదితో జన్మంతా నడుంనొప్పి అని భయపడతారు. ఆ సూదే కారణమని పరిశోధనల్లో తేలలేదు. లేచి కూర్చుంటే తలనొప్పి మాత్రం కొందరికి రావచ్చు. వస్తే చెప్పండి, వైద్యం ఉంది.

ఇంట్లోవాళ్ల దగ్గర ఏం దాచుకుంటారో మీ ఇష్టం. నాకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది ఆ మాట మీదే నిర్ణయిస్తాను.